విన్నవారి సంతకం

పెళ్ళయి మూడు నెలలు దాటినా, నగర కౌన్సిల్ కార్యాలయం మూడో అంతస్తులో ఆమెను ఎవరూ పేరు పెట్టి పిలవడం లేదు. "కొత్తపెళ్ళికూతురా, ఆ స్టాంపు ఇలా అందుకో." "కొత్తపెళ్ళికూతురా, ఫ్యాను కాస్త తగ్గించమ్మా, కాగితాలు ఎగిరిపోతున్నాయి." ఇంకెవరైనా అయితే విసుక్కునేవారేమో గానీ, ఆమెకు ఆ పిలుపు వినబడ్డ ప్రతిసారీ బుగ్గల్లో నవ్వు ఊరేది. అసలు ఆ మూడు నెలల్లో ఆమెకు విసుగనిపించింది అంటూ ఏదీ లేదు. స్నానాల గదిలో ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదాని మీద ఒకటి వాలి నిలబడితే ఆనందం. ఇంటి తాళానికి రెండో చెవి చేయించడానికి ఇద్దరూ కలిసి బజారుకు వెళ్తే ఆనందం. బస్సులో కిటికీ పక్క సీటు కోసం ఇద్దరూ కీచులాడుకుంటుంటే, ఆ సందులో ఎవరో పెద్దమనిషి వచ్చి అందులో కూర్చుంటే, అది మరీ ఆనందం.

భర్త పనిచేసేది కూడా అదే భవనంలో. పైన నాలుగో అంతస్తు, బడ్జెట్ విభాగం. ఆఫీసు మెట్లెక్కగానే ఒకరికొకరు 'మీరు', సాయంత్రం వీధి మలుపు తిరగగానే 'నువ్వు'. పై నుంచి కిందికి వచ్చే ఫైళ్ళలో అప్పుడప్పుడు పెన్సిలుతో చిన్న గీతలు ఉండేవి. 'టీ?' అని ఒకటి. 'తలలో క్లిప్పు వంకరగా ఉంది' అని ఇంకొకటి. ఆ గీతలను రబ్బరుతో తుడవాల్సి వచ్చినప్పుడు ఆమెకు ప్రాణం ఉసూరుమనేది.

ఆమెది ఎజెండా విభాగం. విభాగం అంటే పెద్దగా ఏమీ లేదు, ఒక గది, నాలుగు బీరువాలు, ఇద్దరు మనుషులు. ఆమె, హెడ్ క్లర్కు. హెడ్ క్లర్కుకు దగ్గరి చూపుకో కళ్ళజోడు, దూరపు చూపుకో కళ్ళజోడు. ఒకటి ముక్కు మీద, రెండోది నుదుటి మీద ఎప్పుడూ ఉంటాయి కాబట్టి భవనమంతా ఆయన్ను 'నాలుగుకళ్ళ గారు' అనేది. ఆయన ముందు మాత్రం 'హెడ్‌గారు'.

నెలకోసారి కౌన్సిల్ కూర్చుంటుంది. వీధిదీపాల మరమ్మతు దగ్గర్నుంచి వచ్చే ఏడాది బడ్జెట్ దాకా అన్నీ అక్కడికే రావాలి. అన్నిటి మీదా మాట్లాడటం మొదలుపెడితే ముప్పై నాలుగు మంది సభ్యులూ ఇళ్ళకు వెళ్ళలేరు. అందుకని రెండు జాబితాలు. ఒకటి చర్చ జాబితా, రెండోది మామూలు జాబితా. మామూలు జాబితాలో ఉన్నవాటిని సభలో చదవరు. మేయర్ అంకెలు మాత్రం చెప్పి, "వీటిలో విడిగా చూడాల్సింది ఏమైనా ఉందా?" అని అడుగుతారు. ఎవరూ చెయ్యెత్తకపోతే గంట కొడతారు. ఒక్క గంట దెబ్బకు పాతిక, ముప్పై అంశాలు ఆమోదం.

సభలో చదవరు కాబట్టే, సభకు ముందు చదవాలి. దానికి ఆ గదిలో ఏళ్ళ తరబడి ఒక పద్ధతి ఉంది, పేరు జంట చదువు. ఒకరు అసలు కాగితం చేత్తో పట్టుకుని పైకి చదువుతారు. ఎదురుగా కూర్చున్నవారు నకలు మీద వేలు నడుపుతూ మాటమాటా వింటారు. అయ్యాక అడుగున ఒకవైపు 'చదివాను' అని, రెండోవైపు 'విన్నాను' అని సంతకాలు. ఆ కాగితం తయారుచేసిన మనిషి మాత్రం ఆ ఇద్దరిలో ఉండకూడదు.

"సభలో వాళ్ళు వినరమ్మా. వాళ్ళ బదులు వినేది మనం" అని హెడ్‌గారు ఆమె చేరిన మొదటి రోజే చెప్పారు. "చదివేవాడి గొంతు నొప్పి పుడుతుంది, అంతే. బరువంతా వినేవాడి మీద."

*

ఆమెను పెంచింది పిన్ని. తల్లి పోయేనాటికి ఆమెకు నాలుగేళ్ళు. పిన్ని నగరపు చెత్తబండ్ల డిపోలో, ఒకప్పుడు బండ్లు పెట్టిన మూడు, నాలుగు నంబర్ల షెడ్డు గదుల్లో పిల్లల్ని చూసుకునేది. వీధులూడ్చే ఆడవాళ్ళు పొద్దున్న ఐదింటికల్లా చీపురు పట్టాలి. నాలుగున్నరకు వచ్చి నిద్రలో ఉన్న పిల్లల్ని భుజం మీంచి దించి, ఆ గదుల్లో చాపల మీద పడుకోబెట్టి వెళ్తారు. ఇరవై రెండేళ్ళుగా పిన్ని ఆ పిల్లలకు దుప్పటి కప్పుతూనే ఉంది. ఆమె కూడా ఆ చాపల మీదే పెరిగింది, అక్కడే పలక పట్టింది, అక్కడి నుంచే కాలేజీకి వెళ్ళింది.

ఆ గదులను ఏ ఏటికాయేడు కౌన్సిల్ పొడిగించాలి. ఈ ఏడు కొత్త చెత్తబండ్లు వచ్చాయి. వాటిని పెట్టడానికి చోటు లేదని, గదులు ఖాళీ చేయిస్తారని డిపోలో గుసగుసలు మొదలయ్యాయి. ఒక ఆదివారం కొత్తజంట భోజనానికి వెళ్ళినప్పుడు పిన్ని ఆ మాటే ఎత్తింది.

"మన గది కాగితం ఈ నెల వస్తుందంటున్నారే. కాస్త కనిపెట్టి చూడవే తల్లీ."

"పిన్నీ! జాబితా టైపు చేసేదే నేను. నన్ను దాటి చీమ కూడా పోదు" అంది ఆమె, నోటినిండా అన్నంతో.

"ముందు మింగి మాట్లాడు. పెళ్ళయినా దీనికి బుద్ధి రాలేదు అల్లుడుగారూ."

"చీమలు పోవు అత్తయ్యగారూ, నేను చూశాను. మా ఇంట్లో చక్కెర డబ్బాకి కాపలా కూడా ఈవిడే" అన్నాడు అతను. పిన్ని పకపకా నవ్వింది. గంభీరమైన మనిషని పేరున్న పిన్నిని అలా నవ్వించగలిగిన మొగుడు దొరికాడని ఆమె గాల్లో తేలిపోయింది.

అతను తింటూ, మధ్యమధ్యలో ఎంతో ఆప్యాయంగా అడిగాడు. ఎంతమంది పిల్లలు అత్తయ్యగారూ? రోజూ అందరూ వస్తారా? పిన్నికి దాపరికం తెలియదు. రిజిస్టరులో అరవై ఒక్కమంది అని చెప్పింది. ఇప్పుడు వానలు కదా, జలుబులూ జ్వరాలూ, తడుస్తారని తల్లులు తీసుకురావడం లేదు, అందుకని ముప్పై ఎనిమిది మంది దాకా వస్తున్నారు, వానలు తగ్గితే గదిలో కాలు పెట్టే సందుండదు అంది. అల్లుడు ఇంత శ్రద్ధగా వింటున్నాడన్న సంబరంలో ఇంకో గరిటెడు కూర వడ్డించింది.

*

సమావేశం శుక్రవారం. అదే రోజు సాయంత్రం ఐదూ నలభైకి ఇద్దరికీ రైలు. మూడు రోజులు సముద్రపు ఒడ్డున, పెళ్ళయ్యాక మొదటి ప్రయాణం. ఆమె అప్పటికే పెట్టె రెండుసార్లు సర్ది, రెండుసార్లు విప్పి, మళ్ళీ సర్దింది.

మంగళవారం హెడ్‌గారికి దవడ వాచింది. పన్ను పీకించుకోవడానికి సెలవు పెట్టారు. బడ్జెట్ విభాగం నుంచి పదిహేడో అంశానికి అనుబంధం ఆ మధ్యాహ్నమే వచ్చింది. 'శాఖల మధ్య చిన్న సర్దుబాట్లు' అని తలకట్టు, కింద నలభై వరుసల పట్టిక. బీరువాలు ఒక గది నుంచి ఇంకో గదికి, పాత జీపు ఉద్యానవనాల వాళ్ళకు, అలాంటివన్నీ. సాయంత్రంలోగా జంట చదువు అయితేనే మామూలు జాబితాలోకి వెళ్తుంది. లేకపోతే చర్చకు వెళ్తుంది. నలభై వరుసల మీద చర్చంటే శుక్రవారం రైలు సంగతి ఇక మర్చిపోవచ్చు.

అతను రెండు కప్పుల టీతో తలుపు దగ్గర ప్రత్యక్షమయ్యాడు.

"చదవడానికి మనిషి కావాలని విన్నాం. గొంతు బాగానే ఉంటుందని ఇంట్లో వాళ్ళంటారు."

"మీ విభాగం కాగితం మీరు చదవకూడదండీ" అంది ఆమె, ఆఫీసు 'మీరు'తోనే. కళ్ళు మాత్రం అప్పుడే నవ్వేశాయి.

"సంతకం హెడ్‌గారు రేపొచ్చి పెడతారు. నాది గొంతు మాత్రమే. సముద్రం కావాలా, రూల్సు కావాలా?"

ఆమెకు సముద్రం కావాలి. అంతకంటే ముందు, ఆ గదిలో అతను ఎదురుగా కూర్చుని తనకోసం గట్టిగా చదవడం కావాలి. అతను చదివాడు. పాత జీపు వరుసను జీపు గొంతుతో దగ్గుతూ చదివాడు. బీరువాల వరుసలను ముసలి సెక్రటరీ గారిలా ముక్కుతో చదివాడు. ఆమె నవ్వి నవ్వి నకలు మీద పెట్టిన వేలు ఎప్పుడో తీసేసింది, చేత్తో పొట్ట పట్టుకుంది. కారణాల గడి వచ్చేసరికి, "ఇదంతా పరిపాలనా సౌలభ్యమే, చదివితే ఇద్దరం గురకపెడతాం" అన్నాడు. "వద్దులెండి" అంది ఆమె. ఇరవై ఎనిమిదో వరుస చదివి, టీ ఒక గుక్క తాగి, ఆ తర్వాత ముప్పై చదివాడు. నలభై అయ్యాక ఆమె 'విన్నాను' అని సంతకం పెట్టింది. తన సంతకం చివర పెళ్ళయ్యాక సరదాగా మొదలుపెట్టిన చిన్న సున్నాతో సహా.

మర్నాడు హెడ్‌గారు చెంపకు గుడ్డ కట్టుకుని వచ్చారు. "నువ్వు విన్నావుగా?" అని ఒక్క మాట అడిగి, ఏ కళ్ళజోడూ దించకుండానే 'చదివాను' అన్నవైపు సంతకం పెట్టారు.

*

శుక్రవారం రెండు గంటలకు సభ మొదలైంది. సభ్యుల్లో డిపో ఉన్న వార్డుకు ప్రతినిధి ఒక పెద్దావిడ. తెల్లజుట్టు, చేతిసంచి, సంచిలో బొత్తెడు ప్రశ్నలు. మేయర్ దగ్గర్నుంచి బంట్రోతు దాకా అందరూ ఆవిడను 'ప్రశ్నల పెద్దమ్మ' అనేవారు. లోపలికి వెళ్తూ ఆవిడ ఎప్పటిలాగే సభ తలుపు పక్కనే ఉన్న ఆమె బల్ల దగ్గర ఆగింది.

"ఏమ్మాయ్, మామూలు జాబితాలో ముళ్ళేమైనా ఉన్నాయా?"

"లేవండి. నేనే విన్నాను."

"అయితే నా కళ్ళకి పని తప్పింది" అని పెద్దమ్మ వెళ్ళి కూర్చుంది.

"నాలుగు నుంచి ముప్పై ఒకటి వరకు. విడిగా చూడాల్సింది ఏమైనా ఉందా?" మేయర్ అడిగారు. పెద్దమ్మ సంచిలోంచి వక్కపొడి డబ్బా తీసుకుంటోంది. అధికారుల బెంచీ మీంచి అతను ఆమె వైపు చూసి, జేబులోని రైలు టిక్కెట్ల కొసను కొంచెం పైకి లాగి చూపించాడు. గంట మోగింది.

మూడున్నరకల్లా సభ ముగిసింది. ఆమె హుషారుగా తన గదిలో కూర్చుని ఆమోదమైన కాగితాల మీద స్టాంపులు వేస్తూ ఉంటే డిపో వాహనాల సూపర్వైజరు తలుపు తట్టాడు. ఆమె చిన్నప్పుడు బండి హారను మోగించనిచ్చిన మనిషే.

"ఏం కొత్తపెళ్ళికూతురా, బాగున్నావా? ఆ గదుల తీర్మానం నకలు ఒకటి ఇవ్వమ్మా. సోమవారం తాళాలు తీసుకోమన్నారు."

"ఏ గదులు మావా?"

"మూడు, నాలుగు. మీ పిన్నివే." ఆయన కొంచెం ఇబ్బందిగా కదిలాడు. "నీకు తెలుసనుకున్నా. నువ్వే చేశావుగా కాగితాలు."

"అలాంటి అంశమే రాలేదు. వస్తే నాకు తెలీదా?"

ఆయన పదిహేడో అంశం తెరిచి, పట్టిక మీద మందపాటి వేలు నడిపించి ఒకచోట ఆపాడు. ఇరవై తొమ్మిదో వరుస. 'డిపో ఆవరణ, గదులు 3, 4. పిల్లల సంరక్షణ ఎత్తివేసి వాహనాల విభాగానికి అప్పగింత.' పక్కన కారణం గడి. 'నమోదు 61. రోజువారీ హాజరు 38. తగిన వినియోగం లేదు.'

ఆమె ముందు పొరపాటేమో అనుకుంది. ఎవరో పైవాళ్ళు, అతనికి తెలియకుండా చేర్చి ఉంటారు అనుకుంది. పాపం అతను కూడా చూసుకోలేదేమో అని, ఆ క్షణంలోనూ అతని మీద జాలిపడింది. అప్పుడు ఆమె కళ్ళు ఆ ముప్పై ఎనిమిది దగ్గర నిలిచాయి. పిన్ని ఏ రోజు హాజరూ ఎక్కడా రాసి పంపదు. ఆ అంకె లోకంలో ఒక్కచోటే ఉంది. ఆదివారం భోజనం దగ్గర పిన్ని నోట్లో.

*

నాలుగో అంతస్తు ఖాళీగా ఉంది. అతను ఒక్కడే బల్ల దగ్గర నిలబడి పెట్టె బెల్టు బిగిస్తున్నాడు.

"వచ్చావా! ఆటో దొరికితే పది నిమిషాల్లో స్టేషను. ఏంటా మొహం?"

"ఇరవై తొమ్మిది" అంది ఆమె.

ఏ ఇరవై తొమ్మిది అని అతను అడగలేదు. బెల్టు వదిలేసి కుర్చీ జరిపాడు. "కూర్చో. మంచినీళ్ళు తాగు."

"నిలబడే ఉంటాను. ఎవరు రాశారు అది?"

"చూడు, బండ్లు పదకొండు ఎండకీ వానకీ బయటే ఉంటున్నాయి. వచ్చే నెల ఇంకో ఆరు వస్తాయి. బడ్జెట్లో కొత్త షెడ్డుకి చోటు లేదు. ఉన్నదాంట్లోనే చూడమని మా సార్ నాకు అప్పజెప్పాడు. ఆవరణలో కప్పున్న గదులు నాలుగే. ఏం చెప్పమంటావు? అవి మా అత్తగారివండీ, వద్దండీ అననా?"

"అనాల్సింది. లేకపోతే నాకైనా చెప్పాల్సింది."

"నీకు చెప్తే చర్చలో పెట్టేదానివి."

"పెట్టేదాన్ని."

"మరి!" అన్నాడు అతను, లెక్క సరిపోయినట్టు.

"ముప్పై ఎనిమిది. మా పిన్ని నీకు కూర వడ్డిస్తూ చెప్పింది అది."

"అబద్ధం రాయలేదుగా నేను."

"వానలనీ, జలుబులనీ కూడా చెప్పింది. అది రాయలేదేం?"

"ఆ గడిలో రెండు లైన్లే పడతాయి."

ఎక్కడో కింద తలుపులు మూస్తున్న చప్పుడు. అతను దగ్గరకు వచ్చి, బుజ్జగించే గొంతు తెచ్చుకున్నాడు. "నీ మీద మాట రాకూడదనే దాచాను, తెలుసా? నీకు తెలియదు కాబట్టి నీ తప్పేమీ లేదు. అత్తయ్యగారు అడిగితే తెలీదని చెప్పు. నిజమే కదా అది. వాళ్ళకి ఇంకెక్కడో గది దొరుకుతుంది. నాకు ఈ నెలలో పై పోస్టు ఖాయమవుతుంది. మనకోసమే కదా ఇదంతా."

"నేను విన్నానని సంతకం పెట్టాను."

"ఆ సంతకాలు ఎవడు చూస్తాడే!"

పెద్దమ్మ చూసింది, అనుకుంది ఆమె. కాగితం మీద కాదు, నా మొహంలో చూసింది. చూసి వక్కపొడి డబ్బా తీసుకుంది. పైకి మాత్రం వేరే మాట వచ్చింది. అంతకుముందు దాకా అడగాలని ఆమెకే తెలియని మాట.

"మంగళవారం టీ తెచ్చి, నా ఎదురుగా కూర్చుని చదివావే. జీపులా దగ్గావు. అది నాకోసం కాదా?"

అతను తలొంచుకున్నాడు. "రెండూను. ఒట్టు, రెండూను" అన్నాడు.

కాదు అన్నా ఆమె తట్టుకునేదేమో. రెండూ అనేసరికి మూడు నెలల ఆనందాలన్నీ వరసకట్టి వచ్చి, ఒక్కొక్కటీ నన్ను కూడా చూడు అన్నట్టు నిలబడ్డాయి. పెన్సిలు గీతలు, తాళంచెవి, పిన్నిని నవ్వించిన చక్కెర డబ్బా. వేటిలో ఒకటే ఉంది, వేటిలో రెండూ ఉన్నాయి? ఇక ఎలా తెలుస్తుంది? ఆమె మెట్ల వైపు నడిచింది. వెనక నుంచి అతను, "రైలు..." అన్నాడు. పెట్టెలో తన చీరలు ఉన్నాయని కూడా ఆమెకు గుర్తురాలేదు.

*

డిపోలో పిన్ని కుళాయి కింద చాపలు కడుగుతోంది. ఆమె మెట్టు మీద కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. ఏడవకుండా చెప్పాలనుకుంది, సగం దాకానే కుదిరింది. పిన్ని కుళాయి కట్టేసి వింది.

"నువ్వు విన్నానన్నావా?"

"అన్నాను."

"వినకుండానే?"

ఆమె తలూపింది. పిన్ని చాపను రెండు చేతులా పిండి, తీగ మీద ఆరేసి, అంచులు సరిచేసింది. సరిచేసిన అంచులనే మళ్ళీ సరిచేసింది.

"ఆయనగారు పిల్లల లెక్క అడుగుతుంటే ఎంత మురిసిపోయానే! బయటివాడు కాదు, మనవాడు అడుగుతున్నాడు కదా అని." ఆ తర్వాత ఇంకాస్త మెల్లగా అంది. "ఆయన సంగతి వదిలెయ్యి. ఆయన్ని నేను మూడు నెలలుగా ఎరుగుదును. నిన్ను ఇరవై ఏళ్ళుగా ఎరుగుదును. నువ్వు ఆ గదిలో కూర్చున్నావని, ఈ ఏడు ఏ గుసగుస విన్నా నేను హాయిగా పడుకున్నాను."

ఆమె అరచేత్తో మొహం తుడుచుకుంది. "దీన్ని ఆపడానికి ఒక దారి ఉంది పిన్నీ" అంది.

"దారి ఉంటే నాకు చెప్పకు. వెళ్ళి చేసిరా."

దారి హెడ్‌గారికి తెలుసు. శనివారం పొద్దున్నే ఆయన నియమాల పుస్తకం తీసి, దూరపు కళ్ళజోడు దించి దగ్గరిది పెట్టుకున్నారు. జంట చదువు సరిగా జరగలేదని విన్నవారు రాసిస్తే, సభ మినిట్స్ పుస్తకం మీద మేయర్ సంతకం పడేలోగా ఆ అంశం ఆగిపోతుంది. వచ్చే సమావేశంలో చర్చకు వెళ్తుంది. పంతొమ్మిదేళ్ళలో ఎవరూ దాన్ని వాడలేదు. మేయర్ పన్నెండింటికి సంతకం పెడతారు.

"నీ మాట మీద చూడకుండా పెట్టానమ్మా" అన్నారు హెడ్‌గారు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "నాకూ మెమో వస్తుంది. రానీ. నా వయసులో మెమో అంటే పన్ను పీకించుకున్నంత."

సెక్రటరీ గారు ఆమె రాసిన కాగితం రెండుసార్లు చదివారు. "ఇక్కడ 'ఇంకొకరు చదివారు' అని రాశావు. అలా కుదరదు. ఎవరు చదివారో పేరు, హోదా ఉండాలి. ఆ కాగితం తయారుచేసింది కూడా ఆయనేనని ఉండాలి." ఆయన కలం మూత తీసి ఆమె ముందు పెట్టి, కిటికీ వైపు తిరిగారు. "ఆలోచించుకో అమ్మా. పదకొండున్నర దాకా నేనిక్కడే ఉంటాను."

పెళ్ళయిన కొత్తలో ఆమె ఎన్ని కాగితాల వెనక సరదాగా ఆ పేరు రాసి చూసుకుందో! తన పేరు పక్కన, తన పేరు కింద, తన పేరుతో కలిపి. ఇప్పుడు ఆ పేరు రాసింది, పక్కన హోదా రాసింది. గడియారం చూసింది. పదీ పది.

*

ఆ నెలంతా ఆమె పిన్ని ఇంట్లోనే ఉంది. ఆమెను జనన ధ్రువపత్రాల కిటికీకి మార్చారు. అతనికి పై పోస్టు ఆగింది. ఒకసారి అతను పెట్టె తెచ్చి గుమ్మంలో పెట్టి, "నా బతుకు ఇలా చేస్తావనుకోలేదు" అని వెళ్ళాడు. విప్పి చూస్తే చీరలు మడతలు చెదరకుండా ఉన్నాయి. ఆ మడతలు చూసి ఆమె చాలాసేపు ఏడ్చింది. పిన్ని ఓదార్చలేదు. అలాగని భోజనానికి పిలవడం మానలేదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, కూర బాగుందనీ బాగాలేదనీ అనకుండా తినేవారు.

తర్వాతి సమావేశానికి గ్యాలరీ నిండిపోయింది. వీధులూడ్చే ఆడవాళ్ళు పని ముగించుకుని, పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని వచ్చారు. పిన్ని మొదటి వరుసలో కూర్చుంది. ఆమెకు చోటు దొరక్క, వెనక గోడకు ఆనుకుని నిలబడింది.

ప్రశ్నల పెద్దమ్మ లేచింది. "మేయర్ గారూ, పోయిన నెల నేను వినకుండా చెయ్యి దించుకుని కూర్చున్నాను. ఆ తప్పు నాది. ఇవాళ ఆ వరుస రాసినవారే నిలబడి చదవాలి. కారణంతో సహా."

అతను అధికారుల బెంచీ నుంచి లేచి చదివాడు. ఏ గొంతూ పెట్టలేదు. ముప్పై ఎనిమిది దగ్గర కొంచెం తడబడ్డాడు.

"బాబూ, పొద్దున్న నాలుగున్నరకి ఆ ముప్పై ఎనిమిది మంది ఎక్కడ పడుకోవాలి? ఎక్కడ రాశారు అది?" అంది పెద్దమ్మ.

"రాయలేదండి."

"ఊరు నిద్ర లేచేలోగా ఊరిని ఊడ్చేవాళ్ళు, పిల్లల్ని ఏ చెత్తబండిలో పడుకోబెట్టాలో అదైనా రాయాల్సింది."

ఎవరో నవ్వారు. అతను నవ్వలేదు. బండ్లు తుప్పుపడితే ఆ నష్టం ఎవరిదని ఒక సభ్యుడు లేచాడు. అదీ నిజమేనని ఇద్దరు ముగ్గురు తలలూపారు. గంటసేపు మాటలు నడిచాయి. ఆమె గోడకు అరచేతులు ఆనించి, ఒక్క మాట వదలకుండా వింది. చివరికి చేతులెత్తమన్నారు. గదులు ఉంచాలనేవారు పద్దెనిమిది మంది, తీసేయాలనేవారు పదహారు మంది. ఒక్క ఏడాదికే పొడిగింపు, వచ్చే ఏడు మళ్ళీ చూడాలి.

గ్యాలరీ ఒక్కసారిగా హోరెత్తింది. పిల్లలు ఉలిక్కిపడి ఏడుపు అందుకున్నారు. పిన్ని ముందుకు వంగి, ఎదురుగా ఉన్న కమ్మీ మీద నుదురు ఆనించింది. ఆమె గుండెల్లో సంతోషం ఎగదన్నింది. ఎగదన్నగానే, ఏ చిన్న సంబరమైనా ముందు ఎవరికి చెప్పాలో అలవాటైపోయిన ఆమె కళ్ళు, ఆమెను అడగకుండానే అధికారుల బెంచీ మీదికి పోయి అతని మొహాన్ని వెతికాయి.

అతను ఫైలు తాడు ముడివేసుకుంటున్నాడు. తల ఎత్తలేదు. ఎత్తుతాడేమోనని ఆమె ఇంకా కాసేపు అక్కడే నిలబడింది. అలా నిలబడ్డందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. జనం మధ్యలోంచి దారి చేసుకుని, ఏడుస్తున్న పిల్లల్లో ఎవరినో ఒకరిని ఎత్తుకోవడానికి ముందు వరుస వైపు నడిచింది.